పిల్లల మొదటి విమాన ప్రయాణం: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాపకి నాలుగేళ్ళప్పుడు మొదటిసారి విమానం ఎక్కించాం. టికెట్లు, బట్టలు, బొమ్మలు అన్నీ చూసుకున్నాను కానీ లోపల ఏం వినిపిస్తుందో, ఒంటికి ఎలా అనిపిస్తుందో తనకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. విమానం నేల వదిలిన కాసేపటికే కాళ్ళ కింద ధన్‌మని ఒక శబ్దం వచ్చింది. "అమ్మా, ఏదో విరిగిపోయింది" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇక దిగేదాకా వదల్లేదు. అది చక్రాలు లోపలికి ముడుచుకున్న శబ్దమని నాకు తెలుసు. ముందు రోజు ఒక్క నిమిషం కూర్చోబెట్టి ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. తర్వాత బాబుని తీసుకెళ్ళినప్పుడు ఆ పొరపాటు చేయలేదు, వాడు ఆ శబ్దం కోసం ఎదురు చూసి మరీ నవ్వాడు. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు ప్రయాణానికి ముందు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి.

పిల్లలకి ఎప్పుడు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

మూడు నాలుగేళ్ళ పిల్లలకైతే రెండు మూడు రోజుల ముందు చాలు. వాళ్ళకి "వచ్చే నెల" అంటే అర్థం కాదు, రోజూ "ఇవాళేనా?" అని అడిగి అలిసిపోతారు. ఆరేళ్ళు దాటినవాళ్ళకి వారం పది రోజుల ముందు చెప్తే వాళ్ళే ప్రశ్నలు వేసుకుంటారు.

చెప్పేది మాత్రం ఒక వరుసలో చెప్పండి. ముందు పెద్ద హాల్లోకి వెళ్తాం, పెద్ద సంచులు అక్కడ ఇచ్చేస్తాం, చిన్న సంచులు ఒక మెషిన్‌లోంచి వెళ్తాయి, మనం ఒక గుమ్మం లాంటి దానిలోంచి నడుస్తాం, తర్వాత చాలాసేపు కూర్చుంటాం, అప్పుడు విమానం ఎక్కుతాం. ఈ "చాలాసేపు కూర్చుంటాం" అనేది చెప్పడం చాలామంది మర్చిపోతారు, కానీ పిల్లలకి అన్నిటికంటే కష్టం అదే. ఇంట్లో నాలుగు కుర్చీలు వరుసగా వేసి, నడుముకి చున్నీ కట్టి సీట్ బెల్ట్ ఆట ఆడించండి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. "భయపడకు, ఏం కాదు" అని పదే పదే అనొద్దు. అసలు భయం అనే ఆలోచనే లేని పిల్లకి అందులో భయపడాల్సింది ఏదో ఉందని మనమే చెప్పినట్టవుతుంది. "ఏం కాదు" అనే బదులు ఏం అవుతుందో చెప్పండి.

ఎంత చిన్న పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు?

పుట్టిన మొదటి రెండు రోజుల్లో అసలు వద్దు. చాలా ఎయిర్‌లైన్స్ కనీసం 7 రోజులు నిండాలంటాయి, కొన్ని 14 రోజులు అంటాయి, ఇంకా చిన్నవాళ్ళైతే డాక్టర్ ఉత్తరం అడుగుతాయి. విమానం లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉన్నట్టు ఉండదు, సుమారు 6000 నుంచి 8000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి దీనివల్ల ఇబ్బంది ఉండదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, ఊపిరితిత్తుల సమస్యో గుండె సమస్యో ఉన్నవాళ్ళు అయితే మాత్రం డాక్టర్‌ని అడగకుండా టికెట్ తీసుకోవద్దు.

రెండేళ్ళ లోపు పిల్లలు సాధారణంగా పెద్దవాళ్ళ ఒళ్ళో ప్రయాణం చేయొచ్చు. రెండేళ్ళు నిండితే సొంత సీటు తప్పనిసరి. వెళ్ళేటప్పుడు రెండేళ్ళు నిండకుండా, ప్రయాణం మధ్యలో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సి వస్తుంది, ఆ తేదీ ముందే చూసుకోండి.

ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే క్షేమమేనా?

అనుమతి ఉంది కాబట్టి పూర్తిగా క్షేమం అనుకోకండి. విమానం ఒక్కసారిగా కుదిపితే ఎంత గట్టిగా పట్టుకున్నా పిల్లాడిని చేతులు ఆపలేవు, ఇది ప్రేమకీ బలానికీ సంబంధించిన విషయం కాదు. అందుకే అమెరికాలో విమానయాన నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ రెండేళ్ళ లోపు పిల్లలకి కూడా సొంత సీటు తీసుకుని, విమానంలో వాడటానికి ఆమోదం ఉన్న కార్ సీటులో (కారులో పిల్లల కోసం బిగించే బెల్టుల కుర్చీ) కూర్చోబెట్టమని సలహా ఇస్తుంది. ఆ ఆమోదం ఉందో లేదో కార్ సీటు మీద అంటించిన లేబుల్‌లో రాసి ఉంటుంది. 10 నుంచి 20 కిలోల బరువున్న పిల్లలకి సీటుకి తగిలించే భుజాల బెల్టు ఒకటి దొరుకుతుంది, కేర్స్ హార్నెస్ అంటారు, మడిస్తే చిన్న సంచిలో పడుతుంది.

అందరికీ అదనపు సీటు కొనే వీలుండదని నాకు తెలుసు. ఒళ్ళో పెట్టుకోక తప్పకపోతే క్రూ ఎలా పట్టుకోమంటే అలాగే పట్టుకోండి. కొన్ని దేశాల్లో మీ బెల్టుకి తగిలించే చిన్న బెల్టు ఇస్తారు, కొన్ని చోట్ల దాన్ని ఒప్పుకోరు. మీ బెల్టులోనే పిల్లాడిని కూడా కలిపి పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, కుదుపు వచ్చినప్పుడు మీ బరువంతా పిల్లాడి మీద పడుతుంది.

సీట్లు ఎక్కడ తీసుకోవాలి?

అన్నిటికంటే ముందు, అందరికీ పక్కపక్కనే వచ్చాయా లేదా చూడండి. ఒకేసారి బుక్ చేసినా సీట్లు వేరువేరుగా పడొచ్చు. విమానం ఎక్కాక ఎవరినో బతిమాలుకోవడం కంటే, బుక్ చేసిన రోజే సీట్ల పటం తెరిచి చూసుకుని, కుదరకపోతే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేయడం నయం.

పిల్లల్ని దారి పక్క సీటులో కూర్చోబెట్టొద్దు. ట్రాలీ అంచుకి మోచెయ్యి తగలడం, పై నుంచి వేడి టీ ఒలకడం అక్కడే జరుగుతాయి. కిటికీ పక్కన పిల్లలు, ఇటు పక్కన మీరు. రెక్కల దగ్గర సీట్లలో కుదుపు కొంచెం తక్కువగా తెలుస్తుంది, కానీ కిటికీలోంచి రెక్క తప్ప కింద ఏమీ కనబడదు. మొదటిసారి ఎక్కే పిల్లలకి ఆ కిటికీయే సగం సంతోషం కాబట్టి, వాంతులయ్యే అలవాటు లేకపోతే నేనైతే రెక్కకి ముందు సీట్లే ఎంచుకుంటాను. ఎమర్జెన్సీ తలుపు వరుసలో పిల్లల్ని కూర్చోనివ్వరు. పసిపిల్లలకి ఉయ్యాల లాంటి బాసినెట్ కావాలంటే ముందే చెప్పాలి, దానికి బరువు పరిమితి ఉంటుంది, చాలా చోట్ల 10, 11 కిలోల దగ్గర.

ఏ కాగితాలు కావాలి?

వయసు తెలిపే పత్రం, విదేశమైతే పిల్లలకి సొంత పాస్‌పోర్టు, వీసా. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. అమ్మానాన్నల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే, లేదా తాతయ్యో అమ్మమ్మో తీసుకెళ్తుంటే, మిగతావాళ్ళ సంతకంతో అనుమతి పత్రం దగ్గర పెట్టుకోండి. కొన్ని దేశాల సరిహద్దుల్లో దాన్ని తప్పకుండా అడుగుతారు.

సెక్యూరిటీ చెకింగ్ దగ్గర మావాడు గొడవ చేస్తాడేమో?

అక్కడ ఏడుపు చాలావరకు ఒకే కారణానికి వస్తుంది. తెల్లవారుజామున లేచి, ప్రాణంలా పట్టుకున్న బొమ్మని ఎవరో తీసుకుని నల్లటి సొరంగం లాంటి మెషిన్‌లో పెట్టేస్తారు. పిల్లాడి దృష్టిలో బొమ్మ పోయినట్టే. అందుకే ఇంట్లోనే చెప్పాలి: "నీ కుందేలు కూడా మెషిన్‌లోంచి వెళ్తుంది, అటువైపు నుంచి వచ్చేస్తుంది, మనం అక్కడికి వెళ్ళి తీసుకుందాం." ట్రేలో వాళ్ళ చేత్తోనే పెట్టించండి. పెద్దవాళ్ళలో ఒకరు ముందే అటువైపు వెళ్ళి నిలబడితే ఇంకా మంచిది, పిల్లలు వాళ్ళ దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్తారు. సంచులు వెళ్ళే మెషిన్‌లో ఎక్స్‌రే ఉంటుంది, మనుషులు నడిచే మెటల్ డిటెక్టర్ గుమ్మంలో ఎక్స్‌రే ఉండదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

ద్రవాల విషయం. 2006 నుంచి చాలా దేశాల్లో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకి మించిన సీసాలు అంతర్జాతీయ ప్రయాణాల్లో ఒప్పుకోవడం లేదు, ఈ మధ్య కొన్ని ఎయిర్‌పోర్టుల్లో కొత్త స్కానర్లు వచ్చి సడలిస్తున్నారు. పసిపిల్లల పాలు, వాళ్ళ తిండి, మందులకి మినహాయింపు ఉంటుంది, కానీ వాటిని సంచి అడుగున దాచకుండా విడిగా తీసి "ఇవి పాప పాలు" అని ముందే చూపించండి. బొమ్మ తుపాకీలు, అసలు తుపాకీలా కనిపించేవి ఏవైనా ఇంట్లోనే వదిలేయండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, కింద లగేజీలో పెట్టకూడదు, 100 వాట్ అవర్ల లోపుదైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

చేతి సంచిలో ఏమేం పెట్టుకోవాలి?

పిల్లలకి రెండు జతల బట్టలు అందరూ పెట్టుకుంటారు. మీకు కూడా ఒక చొక్కానో కుర్తానో పెట్టుకోండి, ఎందుకంటే పిల్లాడు వాంతి చేసుకునేది తన మీద కాదు, మీ మీద. అదనపు డైపర్లు, తడి టిష్యూలు, మూత బిగించే ప్లాస్టిక్ సంచులు రెండు మూడు, రోజూ వాడే మందులు. ఒక పల్చటి దుప్పటి. లోపల గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ 10 నుంచి 20 శాతం మధ్యే, అందుకని పెదాలు ఎండుతాయి, ముక్కు లోపల మంట పుడుతుంది, నీళ్ళు మామూలు కంటే ఎక్కువసార్లు తాగించాలి.

ఆటలకి ఒక పాత బొమ్మ, వాళ్ళు ఇంతవరకు చూడని ఒక కొత్త బొమ్మ చాలు. కొత్తది ఇంట్లో చూపించకండి, విమానం పైకెళ్ళాక తీయండి. చిన్న చిన్న ముక్కలున్న ఆటలు వద్దు, ఒక ముక్క సీటు కింద పడితే గంటసేపు అదే ఏడుపు. ఫోన్‌లో వీడియోలు చూపించాలనుకుంటే ముందు రోజే డౌన్‌లోడ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి ఆడించి చూసుకోండి. పిల్లల తలకి సరిపోయే హెడ్‌ఫోన్ కూడా కావాలి.

లోపల ఏ శబ్దాలు వస్తాయి? ఏ క్రమంలో?

నన్ను ఎవరైనా ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. ముందు రోజు రాత్రి కథలా చెప్పండి, పిల్లలు దీన్ని అక్షరం పొల్లు పోకుండా గుర్తు పెట్టుకుంటారు.

తలుపు మూశాక విమానం మొదట వెనక్కి కదులుతుంది. దాన్ని ఒక చిన్న బండి నెడుతుంది, కిటికీలోంచి కొన్నిసార్లు కనబడుతుంది. ఇంజిన్లు స్టార్ట్ చేసేటప్పుడు పైనుంచి వచ్చే చల్లగాలి కాసేపు ఆగుతుంది, లైట్లు ఒక్క క్షణం రెపరెపలాడొచ్చు. ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాల్లో అయితే ఈ సమయంలో నేల కింద నుంచి కుక్క మొరిగినట్టు, రంపంతో కోసినట్టు ఒక శబ్దం వస్తుంది. అది హైడ్రాలిక్ ఒత్తిడిని, అంటే విమానం భాగాల్ని కదిలించే ద్రవం ఒత్తిడిని, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి అందించే పరికరం చేసే శబ్దం. మా బాబుకి ముందే చెప్పాను కాబట్టి "కింద కుక్కపిల్ల లేచింది" అని అందరికీ వినిపించేలా అరిచాడు.

తర్వాత నెమ్మదిగా రోడ్డు మీద బస్సులా వెళ్తుంది. గీ... అని మోటారు శబ్దంతో రెక్కల వెనక భాగం సాగుతుంది, వాటిని ఫ్లాప్స్ అంటారు, తక్కువ వేగంలో కూడా గాలి విమానాన్ని మోయడానికి అవి కావాలి. రాత్రి పూట లైట్లు తగ్గిస్తారు, కిటికీ తెరలు తీయమంటారు. కరెంటు పోలేదు, ఏదైనా జరిగితే బయట వెలుతురుకి కళ్ళు ముందే అలవాటు పడి ఉండాలని, బయట ఏముందో కనబడాలని అలా చేస్తారు.

ఇక అసలు ఘట్టం. ఇంజిన్లు గట్టిగా గర్జిస్తాయి, వీపు సీటుకి అతుక్కుంటుంది, కింద గడగడలాడుతుంది. ఇది అర నిమిషం, మహా అయితే ఇంకాస్త. దీన్ని పిల్లలతో కలిసి లెక్కపెట్టండి, "నలభై లెక్కపెట్టేలోపు మనం ఎగిరిపోతాం" అని. ముప్ఫై దాటాక ముందు భాగం లేస్తుంది, గడగడ ఒక్కసారిగా ఆగిపోతుంది. వెంటనే ఆ ధన్‌మనే శబ్దం, చక్రాలు లోపలికి వెళ్ళి తలుపులు మూసుకోవడం. ఒకటి రెండు నిమిషాలకి ఇంజిన్ హోరు తగ్గుతుంది, అప్పుడు విమానం కిందికి జారుతున్నట్టు కడుపులో అనిపిస్తుంది. నిజానికి అది ఇంకా పైకే వెళ్తూ ఉంటుంది, నేల వదలడానికి కావాల్సినంత బలం ఇప్పుడు అక్కర్లేదు కాబట్టి పైలట్లు ఇంజిన్ తగ్గించారు. పెద్దవాళ్ళు కూడా ఎక్కువ ఉలిక్కిపడేది ఇక్కడే. టింగ్ టింగ్ అని గంటలు మోగేది క్రూ ఒకరినొకరు పిలుచుకోవడానికి.

దిగేటప్పుడు ఇంజిన్లు దాదాపు ఆగిపోయాయా అన్నంత నెమ్మదిస్తాయి. మళ్ళీ ఫ్లాప్స్ గీ... అంటాయి, చక్రాలు బయటికి వచ్చి గాలి హోరుమంటుంది. నేల తాకగానే ఒక దెబ్బ, వెంటనే టేకాఫ్‌ని మించిన గర్జన. ఇంజిన్ల గాలిని ముందువైపుకి మళ్ళించి వేగం తగ్గించడం అది. "ఇది చివరి పెద్ద శబ్దం" అని చెప్పండి.

చెవి నొప్పి రాకుండా ఏం చేయాలి?

చెవి పొర వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది. అక్కడి నుంచి ముక్కు వెనక్కి సన్నటి గొట్టం ఉంటుంది, మనం మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుని లోపలి ఒత్తిడిని బయటితో సమానం చేస్తుంది. పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, ఇరుకుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి తొందరగా తెరుచుకోదు. పైకెళ్ళేటప్పుడు లోపలి గాలి బయటికి రావడం తేలిక. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి వెళ్ళాలి, అది కష్టం. అందుకే నొప్పి ఎక్కువగా దిగేటప్పుడే వస్తుంది.

మా పాప విషయంలో నేను చేసిన రెండో తప్పు ఇక్కడే. పడుకుందిలే, హాయిగా ఉంది అని లేపలేదు. నిద్రలో మింగడం తక్కువ. దిగడానికి పది నిమిషాల ముందు చెవి పట్టుకుని ఏడుస్తూ లేచింది, అప్పటికే ఒత్తిడి తేడా పెరిగిపోయింది, ఎన్ని నీళ్ళు తాగించినా కాసేపటి దాకా తగ్గలేదు. చక్రాలు నేల తాకే ముప్ఫై నిమిషాల ముందే కిందికి దిగడం మొదలవుతుంది, పైలట్ ఆ మాట చెప్పగానే పిల్లల్ని లేపండి.

పసిపిల్లలకి పాలు పట్టండి, లేదా నోట్లో పాలపీక పెట్టండి, తల కొంచెం ఎత్తుగా ఉండాలి. కొంచెం పెద్దవాళ్ళకి స్ట్రాతో గుక్క గుక్కగా నీళ్ళు, అన్నీ ఒకేసారి కాకుండా చివరిదాకా సరిపోయేలా. గట్టి చాక్లెట్లు, చప్పరించే మిఠాయిలు నాలుగేళ్ళ లోపువాళ్ళకి వద్దు, గొంతులో అడ్డుపడతాయి. ఆరేడేళ్ళు దాటితే ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి ఊదడం నేర్పొచ్చు, గట్టిగా ఊదకూడదు. చెవుల్లో దూది పెడితే ఒత్తిడి మారదు, దానివల్ల ఉపయోగం లేదు. వేడి నీళ్ళలో ముంచిన టిష్యూ కప్పులో వేసి చెవికి పెట్టే పద్ధతి చాలామంది చెప్తారు, దయచేసి చేయకండి, కుదుపుకి వేడి నీళ్ళు కారి పిల్లల చెంప కాలుతుంది. పసిపిల్లలు ఏడుస్తుంటే కంగారు పడొద్దు, ఏడ్చినప్పుడు కూడా ఆ గొట్టం తెరుచుకుంటుంది.

జలుబు, జ్వరం ఉంటే ప్రయాణం మానుకోవాలా?

మామూలు ముక్కు కారడానికి మానుకోనక్కర్లేదు, కానీ ముక్కు దిబ్బడ బాగా ఉంటే చెవి నొప్పి ఎక్కువవుతుంది కాబట్టి డాక్టర్‌ని అడిగి ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు పెట్టుకోండి. చెవి ఇన్ఫెక్షన్ ఉంటే అడగకుండా బయల్దేరొద్దు. జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు ఉంటే తేదీ మార్చుకోవడమే మేలు, పక్కవాళ్ళ పిల్లల్ని కూడా ఆలోచించాలి.

నిద్ర పోవడానికి ఏదైనా మందు వేయొచ్చా?

వద్దు. అలర్జీ మందు వేస్తే పడుకుంటారని కొందరు చెప్తారు. కొంతమంది పిల్లల్లో అది సరిగ్గా వ్యతిరేకంగా పని చేస్తుంది, పడుకోకపోగా ఆగకుండా చిందులేస్తారు. పైగా మందు మత్తులో ఉన్న పిల్ల శ్వాస ఎలా ఉందో పైన ఎవరు చూస్తారు? పిల్లలు రోజూ పడుకునే వేళకి కలిసొచ్చే విమానం ఎంచుకోండి.

వాంతులు అయితే?

రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వయసులో ఇది ఎక్కువ. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, పుస్తకం చూస్తున్న కళ్ళు కదలడం లేదంటాయి, ఆ గొడవలో కడుపు తిప్పుతుంది. బొమ్మల పుస్తకం, ఫోన్ పక్కన పెట్టించి కిటికీలోంచి దూరంగా చూడమనండి, పై గాలి ముఖానికి తగిలేలా తిప్పండి. ఎక్కే ముందు ఖాళీ కడుపూ వద్దు, నూనె తిండీ వద్దు. ముందు సీటు జేబులో కాగితం సంచి ఉంటుంది, ఉందో లేదో కూర్చోగానే చూసుకోండి.

కుదుపులు వచ్చినప్పుడు పిల్లలకి ఏం చెప్పాలి?

గాలి కూడా నదిలా పారుతుందని, దాంట్లో అలలు ఉంటాయని చెప్పండి. పడవ అలల మీద ఊగినట్టు విమానం గాలి మీద ఊగుతుంది. రెక్కలు ఊగడం కనబడితే పిల్లలు ఇంకా భయపడతారు, కానీ అవి ఊగేలాగే తయారు చేస్తారు. 2010లో బోయింగ్ 787 రెక్కల్ని పరీక్షించినప్పుడు కొనలు మామూలు స్థానం నుంచి సుమారు 25 అడుగులు పైకి వంగేదాకా లాగారు, అయినా విరగలేదు. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఈ ఒక్క సంగతి చెప్తే చాలు, తర్వాత రెక్కనే చూస్తూ కూర్చుంటారు.

బెల్టు మాత్రం లైటు ఆరినా పెట్టే ఉంచండి. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు లేనివాళ్ళకే, కొన్ని కుదుపులు మబ్బు కూడా లేని చోట చెప్పకుండా వస్తాయి.

"అమ్మా, విమానం పడిపోతుందా?" అని అడిగితే?

"ఛ, అలా అనకూడదు" అని నోరు మూయించొద్దు. వాళ్ళు అపశకునం మాట్లాడటం లేదు, నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నారు. "అలా జరగడం చాలా చాలా అరుదు, జరగకుండా ఎంతోమంది చూసుకుంటారు" అని చెప్పండి, ఎలా చూసుకుంటారో కూడా చెప్పండి. ఇద్దరు పైలట్లు ఉంటారు. ఒక ఇంజిన్ ఆగినా ఇంకోదానితో వెళ్ళి దిగగలదు. రెండూ ఆగినా రాయిలా పడదు, కాగితం విమానంలా తేలుతూ జారుతుంది. 2001లో అట్లాంటిక్ సముద్రం మీద ఒక ఎయిర్‌బస్ ఏ330కి ఇంధనం అయిపోయి రెండు ఇంజిన్లూ ఆగాయి, అది సుమారు 19 నిమిషాలు అలాగే తేలుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది, లోపలున్న 306 మందీ బతికారు. పెద్ద పిల్లలకి ఈ కథ చెప్పొచ్చు, చిన్నవాళ్ళకి కాగితం విమానం చేసి ఎగరేసి చూపించండి.

ఇంకా అడుగుతారు, ప్రశ్నలకి అంతుండదు. కిటికీలో చిన్న రంధ్రం ఎందుకు? కిటికీకి పొరలు ఉంటాయి, ఒత్తిడంతా బయటి పొర మోయాలని మధ్య పొరకి ఆ రంధ్రం పెడతారు, దానివల్ల అద్దం మీద ఆవిరి కూడా పట్టదు. రన్‌వే మీద అంకెలు ఏంటి? అది ఏ దిక్కుకి ఉందో చెప్తాయి, 27 అని ఉంటే 270 డిగ్రీలు, అంటే పడమర. బ్లాక్ బాక్స్, అంటే ప్రయాణ వివరాలు రికార్డు చేసే పెట్టె, నల్లగా ఉంటుందా? ఉండదు, తేలిగ్గా కనబడాలని నారింజ రంగు వేస్తారు. మొదటి విమానం ఎంతసేపు ఎగిరింది? 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల విమానం మొదటిసారి 12 సెకన్లే ఎగిరింది, 120 అడుగుల దూరం. మీరు కూర్చున్న విమానం పొడవు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

ఆక్సిజన్ మాస్క్ ముందు నేనే పెట్టుకోవాలంటారు, పిల్లకి ముందు పెట్టకుండా ఎలా?

ప్రతి అమ్మకీ ఇది వినడం కష్టమే. కానీ 35,000 అడుగుల ఎత్తులో లోపలి ఒత్తిడి పోతే, పని చేసే స్పృహ ఉండేది అర నిమిషం నుంచి ఒక నిమిషం. పెనుగులాడే పిల్లకి మాస్క్ తగిలించేలోపు మీకే స్పృహ తప్పితే ఇద్దరికీ దిక్కుండదు. మీకు పెట్టుకోవడానికి ఐదారు సెకన్లు చాలు, తర్వాత పిల్లకి తీరిగ్గా పెట్టొచ్చు. దాన్ని కిందికి లాగితేనే గాలి మొదలవుతుంది. పైలట్లు ఈలోపు విమానాన్ని మామూలుగా ఊపిరి పీల్చుకోగలిగే ఎత్తుకి, సుమారు 10,000 అడుగులకి దించేస్తారు. క్రూ చూపిస్తున్నప్పుడు పిల్లలకి కూడా చూపించి "ముందు అమ్మ, తర్వాత నువ్వు" అని చెప్పి ఉంచండి, అప్పుడు తమని వదిలేసినట్టు అనుకోరు.

టాయిలెట్‌కి వెళ్ళనంటే?

ఫ్లష్ శబ్దం పెద్దవాళ్ళకే ఉలికిపాటు, అది నీళ్ళతో కాకుండా గాలి పీల్చుకుని పని చేస్తుంది. మూత వేసి, పిల్లల్ని తలుపు బయట నిలబెట్టి మీరు నొక్కండి. ఎక్కే ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఒకసారి తీసుకెళ్ళడం మర్చిపోవద్దు, టేకాఫ్ ముందు, దిగే ముందు చాలాసేపు లేవనివ్వరు.

ఏడుపు ఆపకపోతే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో?

ఏమైనా అనుకోనివ్వండి. పిల్లలకి తమ ఇబ్బంది చెప్పుకోవడానికి ఏడుపొక్కటే దారి. సిగ్గుతో గదిమితే ఏడుపు పెరుగుతుంది, మీ చేతులు బిగుసుకుంటే వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. చెవి, ఆకలి, నిద్ర, తడి బట్ట, ఈ నాలుగూ ఒక్కొక్కటే చూడండి. ఇవేవీ కాకపోతే పొట్ట కావచ్చు, పైకెళ్ళే కొద్దీ గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి కడుపులో గ్యాస్ కూడా ఉబ్బుతుంది, బెల్టు కొంచెం వదులు చేసి నిమరండి. బెల్టు లైటు ఆరాక నాలుగడుగులు నడిపించండి. ముందు సీటుని పిల్లలు కాళ్ళతో తన్నుతుంటే మాత్రం ఆపాల్సింది మనమే, అది ఏడుపు లాంటిది కాదు.

ఎయిర్‌పోర్ట్‌లో తప్పిపోతే?

ఆ రోజు పొద్దున్న బట్టలు వేశాక ఫోన్‌లో ఒక ఫోటో తీయండి, ఏం వేసుకున్నారో కంగారులో గుర్తుండదు. మీ ఫోన్ నంబర్ కాగితం మీద రాసి జేబులో పెట్టండి, సంచిలో కాదు, సంచి మీ దగ్గరే ఉంటుంది. "నేను కనబడకపోతే అక్కడే ఆగు, యూనిఫాం వేసుకున్నవాళ్ళకి చెప్పు" అని చెప్పి, యూనిఫాం వేసుకున్నవాళ్ళని వేలితో చూపించండి. ఎస్కలేటర్ల దగ్గర, సామాను బెల్టు దగ్గర చెయ్యి వదలొద్దు.

దిగాక ఏమైనా చూసుకోవాలా?

చెవి మూసుకుపోయినట్టు ఉందంటే ఒకటి రెండు గంటల్లో సర్దుకుంటుంది. మర్నాటికీ నొప్పి ఉన్నా, చెవిలోంచి ఏదైనా కారినా డాక్టర్‌కి చూపించండి. టైమ్ జోన్‌లు దాటి వెళ్తే నిద్ర కుదురుకోవడానికి గంట తేడాకి ఒక రోజు చొప్పున పట్టొచ్చు, పగలు ఎండలోకి తీసుకెళ్తే త్వరగా అలవాటు పడతారు. మొదటి రోజు కార్యక్రమాలేవీ పెట్టుకోవద్దు.

తిరుగు ప్రయాణానికి మళ్ళీ ఇదంతా చెప్పాలా అని అడుగుతారు. ఈసారి వాళ్ళనే చెప్పమనండి. మా బాబు తిరిగి వచ్చేటప్పుడు పక్క సీటు పెద్దాయనకి వరసంతా ఒప్పజెప్పాడు, వెనక్కి నెట్టే బండి నుంచి చివరి గర్జన దాకా. చక్రాలు ముడుచుకున్నప్పుడు ఆయన కూడా కొంచెం ఉలిక్కిపడితే, "చక్రాలు లోపలికెళ్ళాయి తాతగారూ, అంతే" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.